ఎవరికీ తెలియని పెట్టె

ఆళ్లగడ్డ
12 జూన్ 2025

మాధవా,

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా ‘ఊ’ అంటావు, ‘సరే అక్కా’ అంటావు, పెట్టేస్తావు. అందుకే కాగితం తీసుకున్నా. కాగితమైతే సగంలో పెట్టేసేదానికి కాదు. పక్కింటి జకరయ్య దినామూ నంద్యాలకు డ్యూటీకి పోతాండాడు కదా, ఆయప్ప చేతికిచ్చి పంపిస్తాండా. జవాబు గూడా ఆయప్పకే ఇయ్యి.

మీ బావ దగ్గు సంగతి నీకు చెప్పింటి. విత్తనాల మూటల దుమ్ము అనుకున్నాం. దుమ్ము కాదు. టీబీ అంట. నంద్యాల ఆస్పత్రిలో తేల్చి చెప్పినారు. బజార్లో ఎవరికీ చెప్పలేదు, ఎదురంగడి కమలమ్మకు తప్ప. ఆమెకెందుకు చెప్పితినంటే ఆమెకూ అదే. గాజులంగట్లో ఆమె దగ్గుతాంటే విత్తనాలంగట్లో ఈయన దగ్గుతాంటాడు. ఒకరికొకరు జవాబు చెప్పుకున్నట్టు ఉంటాది.

అసలు సంగతి ఇది. గవర్నమెంటు మాత్రలు ఆరు నెలలు మింగమన్నారు. దాంతోపాటు ఇంకో పెట్టె ఉందంట, కొత్త మందు, పరీక్ష చేస్తాండారంట. ఇష్టమైతే చేరొచ్చు. అయితే సగం పెట్టెల్లోనే మందు, మిగతా సగంలో ఉత్త పిండి మాత్రలు. ఎవరికి ఏది వస్తాదో ఇచ్చే డాక్టరమ్మకే తెలీదంట. ఇదేం చోద్యమప్పా, ఏ మూటలో ఏముందో తెలీకుండా అంగడి నడిపినట్టు. అప్పుడు నాకు తట్టింది, నువ్వు ఇంట్లో కూర్చుని చూసే లెక్కలు ఈ పరీక్షవే అని. మీ రాజేశ్వరి బతికుండంగా ఒకతూరి చెప్పింది.

చేరమంటావా, వద్దంటావా? చేరితే మందుండే పెట్టె వచ్చేటట్టు చూడు. పరాయోడు కాదు, సొంత బావ.

అన్నం యాళకు తింటాండావా? తింటాండానని అబద్ధం రాయొద్దు.

నీ అక్క
ప్రమీల


నంద్యాల
15 జూన్ 2025

అక్కకు,

ఉత్తరం జకరయ్య తెచ్చి ఇచ్చాడు. బావ సంగతి తెలిసి బాధ కలిగింది. నయమయ్యే జబ్బే. ఒక్క రోజు కూడా మానకుండా ప్రభుత్వ మాత్రలు వేసుకోవాలి. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమను. నువ్వు కూడా పరీక్ష చేయించుకో.

అవును, నేను చూసేది ఆ లెక్కలే. ఏ పెట్టె ఎవరికి వెళ్లాలో చీటీ వేసినట్టు కంప్యూటరు వేస్తుంది. దాన్ని ఎవరూ మార్చలేరు. నేనూ మార్చలేను. రోగుల భద్రత చూసే కమిటీ ఒకటి ఉంది. ఏ వైపు ఎంతమందికి నయమైంది, ఎంతమందికి కామెర్లు వచ్చాయి, ఎంతమంది చనిపోయారు అని వాళ్లకు లెక్క తీసి ఇవ్వడం నా పని. అందువల్ల ఏది మందో ఏది పిండో కనిపించే ఫైలు నా దగ్గర ఉంటుంది. చిక్కంతా అదే.

ఎందుకు దాస్తారని బావను అడుగు, చెబుతాడు. కంపెనీవాడు కొత్త విత్తనం ఇచ్చి పాతదాని పక్కనే వేసి చూడమంటాడు. ఏది కొత్తదో తెలిస్తే రైతు దానికే ఒక తడి ఎక్కువ కడతాడు. అప్పుడు పండింది విత్తనం వల్లనా, తడి వల్లనా? మనుషులూ అంతే. మందు అందిందని తెలిసినవాడు ఒక ముద్ద ఎక్కువ తింటాడు.

చేరమనీ చెప్పను, వద్దనీ చెప్పను. చేరినా చేరకపోయినా అసలు మందు ఒకటే, అది అందరికీ అందుతుంది. బావ తనంతట తాను నిర్ణయించుకోవాలి. అయితే చేరాలనుకుంటే ముందుగా నాకు చెప్పండి. సొంతవాళ్లు అందులో ఉంటే నేను ఆ లెక్క చూడకూడదు. వేరేవాళ్లకు అప్పగించి తప్పుకోవాలి. పెట్టె మీద నంబరు ఉంటుంది. అది మాత్రం నాకు ఎప్పుడూ రాయవద్దు.

ఊరగాయ పంపవద్దు. పోయినసారిది అట్లాగే ఉంది.

మాధవయ్య


ఆళ్లగడ్డ
4 జులై 2025

మాధవా,

నువ్వు రాసినవీ అర్థమైనాయి, రాయలేకపోయినవీ అర్థమైనాయి. కమలమ్మకూ జకరయ్యకూ గూడా చదివి వినిపించినా. జకరయ్య, ‘మీ తమ్ముడు కాగితం ముందర పక్క రాసింది తక్కువక్కా, ఎనక పక్క రాసింది ఎక్కువ’ అన్నాడు. తిప్పి చూసినా, ఏమీ లేదు. అట్లా కాదులేక్కా అని నవ్వినాడు.

సొంతవాళ్లుంటే లెక్క ఇంకొకరికి అప్పగించాల అంటివి. ఇంకొకరి చేతికి పోతే మనకు యాడ దిక్కు? కాబట్టి విను. మీ బావ చేరలేదు. చేరలేదనే అనుకో. చేరింటే పెట్టె మీద నంబరు 418 అని ఉండేది. ఇంతకంటే నేనేం చెప్పను.

కమలమ్మ మటుకు చేరింది. ఆమె మాత్ర నాలిక మీద పెట్టి చూస్తిమి, ఒకటే చేదు. మా ఇంట్లోది, అంటే చేరింటే మా ఇంట్లో ఉండే మాత్ర, అంత చేదు లేదు. చేదు లేంది మందెట్లయితాది? కమలమ్మ మంచి మనిషి. ‘నా మాత్రల పట్టీ ఒకటి నువ్వు తీసుకో, నీదొకటి నాకియ్యి, ఇద్దరికీ సగం సగమన్నా పడుతుంది’ అనింది. ఇచ్చిపుచ్చుకున్నాం. పండగ దినం ఓళిగలు మార్చుకోమా, అట్లే.

ఒంటికి పోతే ఎర్రగా వస్తాందంటాడు మీ బావ. మందు పనిచేస్తాందనే కదా? ఔనని రాయొద్దు, నీ ఉద్యోగానికి అడ్డం. మందైతే ‘ఎండలు తగ్గినాయి’ అని రాయి. పిండైతే ‘వాన పడలేదు’ అని రాయి. నేను అర్థం చేసుకుంటా.

ఊరగాయ పంపిస్తాండా. తినకుంటే జకరయ్యకియ్యి, ఆయప్ప తింటాడు.

ప్రమీల


నంద్యాల
6 జులై 2025

అక్కకు,

ఈ ఉత్తరంలో ఎండల గురించీ వానల గురించీ ఏమీ ఉండదు. బయట ఎట్లా ఉందో కూడా రాయను.

నీ ఉత్తరం చదివిన వెంటనే హైదరాబాదు ఆఫీసుకు తెలియజేశాను. మా బావ ఈ పరీక్షలో ఉన్నాడు, నంబరు నాకు తెలిసింది, లెక్క తీసుకోండి అని. తీసుకున్నారు. ఆ ఫైలు ఇక నా కంప్యూటరులో తెరుచుకోదు. నా దగ్గర పని నేర్చుకున్న కీర్తి అనే అమ్మాయి చూస్తుంది. బాగా చూస్తుంది. మూడేళ్ల పని ఇది. రాజేశ్వరి ఉన్నప్పుడు మొదలైంది. ఫలితం ఏమిటో ఇక అందరితో పాటు నేనూ పేపర్లో చదువుకోవాలి.

చేదు సంగతి. పిండి మాత్రకు కూడా చేదు కలుపుతారు. పై పూత విడతకొక తీరుగా వస్తుంది. నాలుకతో తేలే విషయమైతే ఇంతమంది ఎందుకు, నిన్నొక్కదాన్నే పెట్టుకునేవాళ్లం.

ఎరుపు సంగతి. అది ప్రభుత్వ మాత్రల వల్ల వస్తుంది. అవి వేసుకునే అందరికీ వస్తుంది.

మాత్రలు ఓళిగలు కావు. కమలమ్మగారి పట్టీ కమలమ్మగారికి ఇచ్చేయ్. జరిగింది ఇద్దరూ వెళ్లి డాక్టరుకు చెప్పండి. తిట్టరు. చెప్పకపోతే ఆమె మింగింది బావ పేరు మీద, బావ మింగింది ఆమె పేరు మీద లెక్కలోకి వెళుతుంది. రేపు ఎవరికో కామెర్లు వస్తే దేనివల్ల వచ్చాయో తెలియదు.

ప్రభుత్వ మాత్రలు మానవద్దు. ఇది సంకేతం కాదు. మానవద్దు అంటే మానవద్దు అనే.

మాధవయ్య


ఆళ్లగడ్డ
14 జులై 2025

మాధవా,

కోపంగా రాసినావు. పర్వాలేదు, మన నాయన గూడా అట్లే రాస్తాండె.

ఎండ గురించీ రాయనంటివి, వాన గురించీ రాయనంటివి. నేనూ కమలమ్మా పొద్దంతా ఆలోచన చేస్తిమి. రెండూ కాకుంటే మబ్బు. మబ్బంటే ఏంది? సగం మందూ సగం పిండా? అట్లాంటి మాత్రలు గూడా ఉంటాయా?

మీ బావ ఉత్తరం చూపీమంటాండాడు. ఇంకా చూపీలేదు. ‘మీ తమ్ముడు ఏమంటాండాడు’ అని అడిగితే ‘మబ్బుగా ఉందంట’ అన్నా. ఆయన కిటికీలోంచి బయటికి చూసినాడు.

ప్రమీల


నంద్యాల
15 జులై 2025

అక్కకు,

మబ్బు అని నేను రాయలేదు. అట్లాంటి మాత్రలు లేవు. ఉత్తరం బావకు చూపించు. నేను రాసింది ఆయన చదివితే మంచిది, నువ్వూ కమలమ్మగారూ కలిసి తీసిన అర్థం కాదు.

మాధవయ్య


ఆళ్లగడ్డ
27 జులై 2025

మాధవా,

కమలమ్మ పట్టీ ఇచ్చేసినా. డాక్టరమ్మకు చెప్పినాం. తిట్టలేదు. తల పట్టుకునింది.

నువ్వు చూపీమంటివని ఆ ఉత్తరం మీ బావ చేతికిచ్చినా. చూపీకుండా ఉండాల్సింది. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్లా తీసి చదివినాడు. అప్పుడన్నాడు, ‘మూడేండ్లు చూసినోడు. నా నంబరు తెలిసిన దినమే దిగిపోయినాడంటే ఏందర్థం? చూసినాడు. చూసి, చెప్పల్యాక తప్పుకున్నాడు’ అని. నేను కాదనలేకపోయినా. నాకూ అట్లే అనిపించె. సొంత బావ నంబరు చేతిలో పెట్టుకుని చూడనోడు ఉంటాడా? నేనైతే చూస్తా.

మొదట ఆ కొత్త పెట్టెలో మాత్రలు మానేసినాడు. పోతే పోనీ అనుకుంటి. ఇప్పుడు గవర్నమెంటువి గూడా ముట్టడంల్యా. ‘పొయ్యేవానికి కడుపు చేదు చేసుకునేదెందుకు’ అంటాడు. అంగడి తెరుస్తాడు, మూటల మధ్యలో కూర్చుంటాడు, బేరం మాత్రం చెయ్యడు. కంది విత్తనం అడగనొచ్చిన రైతును ఎదురంగడికి పొమ్మన్నాడు. ఎదురంగడి గాజులది. ఆ రైతు నిజంగానే పోయి కమలమ్మను అడిగినాడు. నవ్వల్యాక ఏడవల్యాక చచ్చినాం.

జ్వరం మళ్లా తగులుకునింది. చెంపలు లోపలికి పోయినాయి.

నువ్వన్నా వచ్చి చెప్తావేమో అని చూస్తిమి. గంట ప్రయాణం. రాలేదు. ‘చూడు, మొహం చూపీడానికి గూడా రాడు’ అన్నాడు. ఆ మాటకు నేనేం చెప్పాల?

ఇంకొకటి అడుగుతా. రాజేశ్వరి అప్పుడు గూడా నీకు ముందే తెలుసా? ఫోన్లో అడిగినప్పుడల్లా ‘చూద్దాం’ అంటివి. మేము కర్నూల్లో బస్సు దిగేసరికి అయిపోయింది. తెలిసీ చెప్పలేదా మాకు? పోయినేటి నుంచి ఈ మాట గొంతులో ఉంది. మంచిగా అడగడం నాకు రాలేదు.

ప్రమీల


నంద్యాల
29 జులై 2025

అక్కకు,

ఈ కవరులో వేరే కాగితం ఒకటి ఉంది. అది బావకు. బావ చేతికే ఇవ్వు. చదివి వినిపించవద్దు.

అడిగావు కనుక రాస్తున్నాను. పిత్తాశయం ఆపరేషను తర్వాత రాజేశ్వరికి ఇన్ఫెక్షను రక్తంలోకి పాకింది. ఉన్న మందులకు లొంగని రకం. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇట్లాంటివాళ్లలో సగం మంది బయటపడతారు అన్నాడు. నేను చదివిన లెక్కల్లోనూ అంతే ఉంది. నాకు తెలిసింది అంతే. సగం అన్నాక ఏ సగమో ఏ లెక్కా చెప్పదు.

ఆమె కూడా అడిగింది. ఇన్నేళ్లు లెక్కలు కట్టారు కదా, నేను ఎటువైపు అని. లెక్క వందమంది గురించి చెబుతుంది, ఒక్కరి గురించి చెప్పదు అన్నాను. మరి దేనికి పనికొస్తుంది అంది. తర్వాత వచ్చే వందమందికి అన్నాను. ‘అయితే సరిగ్గా కట్టండి’ అంది. ఆ తర్వాత ఊపిరికి గొంతులో గొట్టం వేశారు. మాటలు లేవు.

మీతో చూద్దాం అన్నది దాచడానికి కాదు. నేనూ చూస్తూనే ఉన్నాను.

బావ నంబరు. నీ ఉత్తరం వచ్చేసరికి ఫైలు నా ముందే ఉంది. తెరవడానికి ఎంతోసేపు పట్టదు. తెరవలేదు. నువ్వయితే చూసేదానివి, నాకు తెలుసు. నా మాట నమ్మడం తప్ప నీకు వేరే దారి లేదు, అదీ తెలుసు.

ఎందుకు రాలేదంటావు. ఫైలు నా దగ్గర ఉన్నంతకాలం, నేను మీ గడప తొక్కితే నవ్వినా ఒక అర్థం తీస్తారు, నవ్వకపోయినా ఒక అర్థం తీస్తారు. తప్పుకున్నాక కూడా, అప్పగింతలు ముగిసేదాకా పరీక్షలో ఉన్నవాళ్లను కలవవద్దన్నారు. నిన్నటితో ముగిశాయి. ఒక మాట మాత్రం చెప్పాలి అక్కా. భార్య పోయిన మనిషి మొహం ఇట్లాగే ఉంటుంది. అది బావ పెట్టె వల్ల కాదు.

మాధవయ్య

(బావకు)

బావా,

నీ పెట్టెలో ఏముందో నాకు తెలియదు. నీకు ఎట్లా తెలియదో నాకూ అట్లాగే తెలియదు. ఇప్పుడు తెలుసుకుందామన్నా దారి లేదు.

పెట్టెలో మాత్రలు వద్దనుకుంటే డాక్టరుకు చెప్పి మానేయ్. ఎవరూ ఏమీ అనరు. ఆ హక్కు నీకు ఉంది. అసలు మాత్రలు మానితే మాత్రం జబ్బు ముదిరి వాటికి లొంగకుండా పోతుంది. మందుకు లొంగని జబ్బు ఎట్లా ఉంటుందో నేను దగ్గరుండి చూశాను. ఇంకోసారి చూడలేను.

మాధవయ్య


ఆళ్లగడ్డ
2 ఆగస్టు 2025

మాధవా,

నీ కాగితం మీ బావ చేతికే ఇచ్చినా. నేను చదవలేదు. ఇచ్చేముందు ఒకతూరి చూసినా, అంతే.

అంగట్లో తూకం పక్కన నిలబడి చదువుకున్నాడు. తర్వాత నన్ను పిలిచినాడు.

‘ఏమే, వానికి నిజంగా తెలీదా?’

‘తెలీదనే కదా రాసినాడు.’

‘డాక్టరమ్మకి?’

‘ఆమెకూ తెలీదు.’

‘పెట్టె ఇచ్చిన నర్సుకు?’

‘ఎవరికీ తెలీదప్పా, ఎన్నితూర్లు చెప్పాల.’

‘మళ్ల ఇన్ని దినాలు అందరూ నా కల్లా తెలిసినట్టు ఎందుకు చూస్తాంటిరి?’ అన్నాడు.

నిజంగానే చూస్తాంటిమి. నేనూ, కమలమ్మా, ఆ జకరయ్య గూడా. గ్లాసు అందిస్తే ఒక చూపు, దగ్గితే ఒక చూపు. నీ ఉత్తరంలో లేని మాటలన్నీ ఆయన మొహంలో వెతుకుతాంటిమి.

కమలమ్మ గాజులంగట్లోంచి తొంగి చూస్తానే ఉంది. ఆమెకు వినపడేటట్టు, ‘కమలమ్మా, మాధవకి గూడా తెలీదంట’ అన్నాడు. బజారంతా వినింది. టీబీ సంగతి ఇంక దాచేదానికి లేదు. ఆమె ‘నా పెట్టె సంగతీ అంతే కదన్నా, మింగు. నేను మింగుతాండా’ అనింది.

ఫోన్ చేసి డాక్టరమ్మను అడిగినా. మళ్లా మొదలుపెట్టమనింది, సోమవారం వచ్చి పరీక్షకు కళ్లె ఇయ్యమనింది. మీ బావ గవర్నమెంటు మాత్రలు మింగినాడు. తర్వాత ఆమెతోనే అడిగి పెట్టెలోది గూడా మింగినాడు. అదెందుకు అంటే, ‘పిండో మందో ఎవనికీ తెలీనప్పుడు భయమేముంది. తెలిసినోడు ఒకడుండీ చెప్పల్యా అనే కదా ఇన్నాళ్లూ నా బెంగ’ అన్నాడు. రాత్రి అడిగి సంగటి పెట్టించుకున్నాడు.

రాజేశ్వరి మాట చదివినా. సరిగ్గా కట్టమని చెప్పిపోయిందా పిల్ల. ఆ పని నీ చేతిలోంచి పోయింది నేను నంబరు రాసినందుకే. ఏం రాయాలో తెలీక ఈడ ఒక గీత గీసి మళ్లా కొట్టేసినా, కనపడుతుంది చూడు. దానికి అర్థం లేదు.

మీ బావ నీకొక మాట రాయమంటాండాడు. ఇంకా నాలుగున్నర నెలలు మింగాలంట. పొద్దున్నే పరగడుపున మాత్రలు చేతిలో పోసుకున్నప్పుడు మనసు అదోరకంగా ఉంటాదంట. నేను ఎదురుగా ఉంటే నా కళ్లు చూసి ఇంకా జాస్తి అవుతాదంట. తనకు మల్లే ఏమీ తెలీనోడు ఒకడు పక్కన కూర్చుంటే బాగుంటాదంట.

బట్టలు తెచ్చుకో. నీ కంప్యూటరు గూడా తెచ్చుకో, విత్తనాలంగడి మీద గది ఖాళీగానే ఉంది, మిగతా లెక్కలు ఆడ కూర్చుని కట్టు. ఎవరూ ఏమీ అడగరు. కమలమ్మకు గూడా చెప్పినా.

ప్రమీల